మడ చెట్టు కలప: లక్షణాలు, ఉపయోగాలు, పరిరక్షణ ఆవశ్యకత

ఏలూరు: కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లపు ప్రాంతంలో విస్తరించిన కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు, డెల్టా ప్రాంతపు మురుగు కాలువలు తెచ్చే నీరు ఇందులో చేరుతుంది. అక్కడి నుంచి సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించే ఉప్పుటేరు ద్వారా ఆ నీరు బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏలూరు పట్టణాన్ని ఆనుకొని పారే తమ్మిలేరు నీటికి సైతం సముద్రాన్ని చేరే దారి ఇదే. సరస్సులో తుంగ, తామర, గుర్రపు డెక్క కనిపిస్తాయి. ఏరు సముద్రాన్ని సమీపించిన కొద్దీ నీటిలో లవణీయత పెరిగి, వృక్షజాతులు మారుతూ వస్తాయి. ఆటుపోట్లు చేరే బురద నేలలలో, మంచినీరు, ఉప్పునీరు కలిసే చోట మడ జాతి చెట్లు పెరుగుతాయి.

రాష్ట్రంలో మడ అడవులు ప్రధానంగా గోదావరి, కృష్ణా నదీ ముఖద్వారాలలో ఉన్నాయి. కాకినాడకు దక్షిణాన గల కోరింగ వన్యప్రాణి అభయారణ్యం 1978లో ఏర్పాటైంది. దీని విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. కృష్ణా నదీ ముఖద్వారంలోని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యాన్ని 1989లో ప్రకటించారు. దీని విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం రాష్ట్రంలో మడ అడవుల విస్తీర్ణం 405 చదరపు కిలోమీటర్లు. అదే నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఇవి 4,992 చదరపు కిలోమీటర్ల మేర ఉన్నాయి.

తీరప్రాంత ప్రజలకు ఈ అడవి తరతరాలుగా వంటచెరకును, గుంజలను, పశువుల మేతను అందించింది. ఈ కలప స్వభావం ఏమిటి, దేనికి పనికివస్తుంది, దేనికి పనికిరాదు, చెట్టును నరికితే ఏమవుతుంది అనే అంశాలు అటు వృక్షశాస్త్ర విద్యార్థులకు, ఇటు తీరగ్రామాల ప్రజలకు తెలియదగినవి.

మూడు ప్రధాన జాతులు

వ్యవహారంలో ఈ అడవులలోని చెట్లన్నింటినీ మడ చెట్లుగానే పేర్కొంటారు. అయితే కలప దృష్ట్యా వీటిలో ఎంతో భేదం ఉన్నది. మన తీరంలో విరివిగా కనిపించేవాటిలో మడ, పొన్న, తిల్ల అనే మూడు రకాలను ముఖ్యంగా పరిగణించవచ్చు.

మొదటిది అసలైన మడ. శాస్త్రీయంగా దీనిని అవిసెన్నియా ప్రజాతిగా వ్యవహరిస్తారు. మధ్యయుగపు ప్రఖ్యాత వైద్యుడు ఇబ్న్ సీనా లాటిన్ పేరు అవిసెన్నా మీదుగా ఈ పేరు ఏర్పడింది. ఇందులో తెల్ల మడ, నల్ల మడ మొదలైన రకాలు ఉన్నాయి. చెట్టు చుట్టూ బురదలోనుంచి సన్నని మేకుల వలె వందల సంఖ్యలో పైకి పొడుచుకొని వచ్చే ఊపిరి వేళ్ళు దీని గుర్తు. గాలి ఆడని బురదలో వేళ్ళకు కావలసిన ప్రాణవాయువు వీటి ద్వారానే అందుతుంది. పీల్చుకున్న ఉప్పులో కొంత భాగాన్ని ఆకులపై ఉండే గ్రంథుల ద్వారా ఈ చెట్టు బయటకు పంపుతుంది. ఎండవేళ ఆకులపై తెల్లని ఉప్పు పొర కనిపించడానికి కారణం ఇదే.

రెండవది పొన్న లేదా ఉప్పు పొన్న. దీని శాస్త్రీయ నామం రైజోఫోరా. కాండం నుంచి విల్లువలె వంగి బురదలోకి దిగే ఊత వేళ్ళు దీని ప్రత్యేకత. గింజ తల్లిచెట్టుపై ఉండగానే మొలకెత్తి, పొడవైన కాయ వలె వేలాడి, పక్వమైన తరువాత జారిపడి బురదలో నాటుకుంటుంది లేదా నీటిపై తేలుతూ మరొక చోటికి చేరుకుంటుంది.

మూడవది తిల్ల. శాస్త్రీయ నామం ఎక్సోకేరియా అగలోచా. దీని కొమ్మను గానీ ఆకును గానీ తుంచితే తెల్లని పాలు కారతాయి. ఆ పాలు చర్మంపై పడితే బొబ్బలెక్కుతాయి, కంటిలో పడితే తాత్కాలికంగా చూపు పోయే ప్రమాదం ఉన్నది. తమిళనాడులోని చిదంబరం పట్టణానికి తిల్లై అనే ప్రాచీన నామం ఈ చెట్టు మూలంగా వచ్చినదే. ఆ పట్టణానికి చేరువలోని పిచ్చావరం మడ అడవులు నేటికీ ప్రసిద్ధి పొందినవే.

మడ కలప నిర్మాణం

సాధారణ వృక్షాలలో బెరడు క్రింద ఒకే ఒక విభజన కణజాలం ఉంటుంది. అది లోపలి వైపు దారువును, వెలుపలి వైపు పోషక కణజాలాన్ని ఏర్పరుస్తుంది. అందుచేత టేకు వంటి చెట్టులో నరికిన మొదలుపై కనిపించే వలయాలను లెక్కించి చెట్టు వయస్సును అంచనా వేయవచ్చు. మడ చెట్టు ఇందుకు భిన్నమైనది. ఇందులో విభజన కణజాలం ఒకదాని వెలుపల మరొకటిగా పలుమార్లు ఏర్పడుతూ వస్తుంది. ఫలితంగా దారువు పొర, పోషక కణజాలపు పొర ఒకదాని తరువాత ఒకటిగా కాండమంతా పేరుకుంటాయి. దుంగను అడ్డంగా కోస్తే వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి కానీ అవి సంవత్సరానికి ఒకటి చొప్పున ఏర్పడినవి కావు. వాటిని లెక్కించి చెట్టు వయస్సును చెప్పడం సాధ్యం కాదు.

ఈ నిర్మాణం చెట్టుకు మేలు చేస్తుంది. ఆహారాన్ని చేరవేసే కణజాలం కాండం లోపల అనేక పొరలలో విస్తరించి ఉండుటచే బెరడు ఒకచోట దెబ్బతిన్నప్పటికీ చెట్టు తట్టుకోగలదు. అయితే వడ్రంగికి మాత్రం ఇదే ఇబ్బంది కలిగిస్తుంది. గట్టి దారువు, మెత్తని పోషక కణజాలం పక్కపక్కనే ఉండటం, పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉండటం వలన కలపను నిలువుగా చీల్చడం కష్టం. రంపానికి సులభంగా లొంగదు, చిత్రిక పట్టినా నునుపు తేలదు. ఆరే క్రమంలో పొరలు వేరువేరుగా కుదించుకుపోవడంతో పలకలు వంకర తిరుగుతాయి. పైగా చెట్టు కాండం తిన్నగా ఎదగక, కొమ్మలు వేసి వంకరలు పోతుంది. ఈ కారణాల చేత పొడవైన పలకలకు, తలుపులకు, బల్లలకు మడ కలప అనువైనది కాదు.

బరువు, గట్టిదనం

కలప నాణ్యతను నిర్ణయించే అంశాలలో సాంద్రత ముఖ్యమైనది. ఘనపు మీటరు నీటి బరువు 1,000 కిలోలు. అదే పరిమాణం గల ఆరిన టేకు కలప సుమారు 650 కిలోలు తూగుతుంది. మడ కలప సాధారణంగా 600 నుంచి 800 కిలోల మధ్య ఉంటుంది. పొన్న కలప ఇంతకంటే బరువైనది. అది 800 కిలోలకు తగ్గకుండా, కొన్ని సందర్భాలలో నీటి బరువును సైతం మించుతుంది. పచ్చి పొన్న దుంగ నీటిలో మునుగుతుంది. తిల్ల కలప సుమారు 400 నుంచి 500 కిలోల మధ్య ఉండే తేలికపాటి కలప.

పొన్న కలప ఎర్రని ఛాయతో, గట్టిగా, బలంగా ఉంటుంది. దీని కాండం మడ కంటే తిన్నగా ఎదుగుతుంది. కనుక గుంజలకు, వాసాలకు అనువైనది. అయితే ఆరేటప్పుడు ఎక్కువగా కుదించుకుపోయి పగుళ్ళు తీయడం దీని లోపం. అందువలన కోసి పలకలుగా వాడటం కంటే గుండ్రని గుంజగానే ఉపయోగించడం పరిపాటి. తిల్ల కలప తెల్లగా, మెత్తగా ఉంటుంది. చేవకు, పై కలపకు రంగులో భేదం కనిపించదు. నాణ్యమైన గృహ నిర్మాణానికి పనికిరాకపోయినా అగ్గిపుల్లలకు, పెట్టెలకు, కాగితపు గుజ్జుకు ఇది తగినది. బంగ్లాదేశ్‌లోని సుందరవనాలలో లభించే తిల్ల కలప ఆధారంగా ఖుల్నాలో 1959లో న్యూస్‌ప్రింట్ మిల్లు ప్రారంభమై, 2002లో మూతపడింది.

వంటచెరకు, బొగ్గు

ప్రపంచవ్యాప్తంగా మడ జాతుల కలపకు ప్రధాన ఉపయోగం వంటచెరకే. పూర్తిగా ఆరిన ఏ కలప అయినా కిలోకు ఇంచుమించు 4,500 కిలో కేలరీల వేడిని ఇస్తుంది. బరువును బట్టి చూస్తే జాతుల మధ్య తేడా స్వల్పమే. కానీ పరిమాణాన్ని బట్టి చూస్తే తేడా ఎంతో ఉన్నది. ఘనపు మీటరు పొన్న కలప బరువు 900 కిలోలు, అంతే పరిమాణం గల తిల్ల కలప బరువు 450 కిలోలు అనుకుంటే, పొన్న నుంచి లభించే వేడి రెట్టింపు అవుతుంది. ఒకే మోపులో ఎక్కువ వేడి, నిదానంగా మండే గుణం, ఎక్కువసేపు నిలిచే నిప్పు పొన్నకు వంటచెరకుగా పేరు తెచ్చాయి.

బొగ్గు తయారీకి కూడా పొన్న శ్రేష్ఠమైనది. మలేషియాలోని పేరాక్ రాష్ట్రంలో సుమారు 40,000 హెక్టార్ల విస్తీర్ణం గల మాతంగ్ మడ అడవిని 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల నుంచి ప్రణాళికాబద్ధంగా నిర్వహిస్తున్నారు. అక్కడ ఒక భాగంలో చెట్లను నరికిన తరువాత తిరిగి 30 సంవత్సరాలకు గానీ అదే భాగాన్ని నరకరు. నడుమ రెండు పర్యాయాలు పలచన చేసి, ఆ చెట్లను గుంజలుగా విక్రయిస్తారు. నరికిన చోట మొలకలు సహజంగా రాకపోతే నాటడం తప్పనిసరి.

పడవలు, నిర్మాణాలు, బెరడు

వంకరగా పెరగడం పలకలకు లోపమే అయినా, పడవ పక్కటెముకలకు అదే గుణం. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్, లాము ప్రాంతాలలో తెరచాప పడవల పక్కటెముకలకు సహజంగా వంగిన మడ జాతి కొమ్మలను ఎంచుకొనేవారు. పోగు తెగకుండా సహజంగా వంగిన కొమ్మ, కోసి వంచిన చెక్క కంటే బలంగా ఉంటుంది. లాము నుంచి మడ గుంజలు శతాబ్దాల పాటు అరేబియా దేశాలకు ఎగుమతి అయ్యాయి. చెట్లు అరుదైన ఆ ఎడారి పట్టణాలలో ఇళ్ళ పైకప్పులకు అవే ఆధారం.

పొన్న జాతి చెట్ల బెరడులో టానిన్లు అధికంగా ఉంటాయి. తోళ్ళు ఊనడానికి, బట్టలకు రంగు అద్దడానికి ఈ బెరడును వాడేవారు. నైలాను దారం రాకముందు నూలు వలలు ఉప్పునీటిలో త్వరగా చివికిపోయేవి. ఆసియా తీరప్రాంతాలలో మత్స్యకారులు బెరడు కషాయంలో వలలను నానబెట్టి మన్నిక పెంచుకొనేవారు. మన డెల్టా ప్రాంతాలలో మడ ఆకు పశువులకు మేతగానూ ఉపయోగపడింది.

కొల్లేటి పడవకు తాటి మాను

కొల్లేటి లంక గ్రామాలలో మత్స్యకారులు తరతరాలుగా వాడిన పడవ తాటి దోనె. తాటి మాను నిర్మాణం మడకు, టేకుకు రెండింటికీ భిన్నం. టేకులో గట్టి చేవ లోపల ఉంటుంది. తాటిలో గట్టి భాగం వెలుపల ఉండి, లోపల మెత్తని బెండు ఉంటుంది. లోపలి బెండును తొలిచివేస్తే వెలుపలి గట్టి పెంకు దానంతట అదే దోనెగా మిగులుతుంది. లోతు తక్కువగా ఉండే కొల్లేటి నీటిలో కర్రతో నెట్టుకుంటూ పోవడానికి ఇది ఎంతో అనువైనది. రెండు దోనెలను జతచేసి బరువులు మోయడం కూడా ఆనవాయితీ. ఏ నీటికి ఏ కలప తగినదో అనుభవపూర్వకంగా తెలుసుకున్న మత్స్యకారుల విజ్ఞానానికి తాటి దోనె ఒక నిదర్శనం.

నరికిన తరువాత

కలప ఉపయోగాలతో పాటు తప్పక తెలుసుకోవలసిన మరొక విషయం, నరికిన చెట్టు తిరిగి చిగురించే శక్తి. మడ, తిల్ల చెట్లను మొదలు మిగిల్చి నరికితే తిరిగి చిగురిస్తాయి. పొన్న చెట్టుకు ఈ శక్తి లేదు. దాని ముదురు కొమ్మలలో, మొదలులో చిగురించే మొగ్గలు నిలిచి ఉండవు. ఆకులున్న కొమ్మలన్నీ నరికితే చెట్టు చనిపోతుంది. వంటచెరకుగా ఏది శ్రేష్ఠమో అదే నరికితే తిరిగి రానిది కావడం గమనార్హం.

పూర్వం మడ అడవులను భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగాన్ని పూర్తిగా నరికే పద్ధతి అమలులో ఉండేది. చెట్ల నీడ తొలగిపోవడంతో బురద నేల ఎండకు గురై, నీరు ఆవిరై, నేల కుంగి పళ్ళెం ఆకారంలో గుంటలు ఏర్పడ్డాయి. పోటు సమయంలో ఆ గుంటలలో చేరిన ఉప్పునీరు పాటు సమయంలో తిరిగి వెళ్ళక అక్కడే ఇంకి, నేలలో ఉప్పు మితిమీరిపోయింది. ఉప్పును తట్టుకునే మడ మొలక సైతం అక్కడ బతకలేని స్థితి ఏర్పడింది. నరికిన చోట అడవి తిరిగి పెరగకపోవడానికి పిచ్చావరం, గోదావరి, కృష్ణా అడవులలో ఇదే కారణమని గుర్తించారు.

దీనికి పరిష్కారంగా ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, స్థానిక గ్రామస్థులు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వే పద్ధతిని అమలు చేశారు. వెన్నెముక వంటి ప్రధాన కాలువకు ఇరువైపులా పక్క కాలువలు త్రవ్వి, సహజమైన ఏటిపాయతో కలుపుతారు. పోటునీరు లోపలికి వచ్చి, పాటుతో తిరిగి వెళ్ళడం వలన నేలలోని ఉప్పు క్రమంగా కడుక్కుపోతుంది. అనంతరం పక్క కాలువల అంచులలో మడ మొక్కలను నాటుతారు. 1990 దశకం చివరి నుంచి గోదావరి, కృష్ణా ముఖద్వారాలలో ఈ విధానంలో క్షీణించిన అడవిని పునరుద్ధరించారు.

కలపకు మించిన విలువ

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో దాదాపు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమను అతలాకుతలం చేసింది. ఒడిశాలో 1999 పెను తుఫాను సమయంలో కేంద్రపడా జిల్లా గ్రామాలలో సంభవించిన మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. సముద్రానికి, గ్రామానికి మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామాలలో మరణాలు తక్కువగా నమోదైనట్లు అందులో తేలింది. ఊత వేళ్ళు, ఊపిరి వేళ్ళు అలల వేగాన్ని తగ్గించి, ఒండ్రును పట్టి నిలుపుతాయి. ముందస్తు హెచ్చరికలకు, తుఫాను రక్షణ కేంద్రాలకు ఈ అడవి ప్రత్యామ్నాయం కాదు, వాటికి తోడుగా నిలిచే రక్షణ.

మత్స్య సంపదకు కూడా ఈ అడవులే పుట్టినిల్లు. రాలిన ఆకులు కుళ్ళి రొయ్య, పీత, చేప పిల్లలకు ఆహారంగా మారుతాయి. వేళ్ళ సందులు వాటికి రక్షణగా ఉంటాయి. కొల్లేరుకు కూడా ఈ విషయంతో సంబంధం ఉన్నది. పెద్ద మంచినీటి రొయ్య పెరిగేది మంచినీటిలోనే అయినా, గుడ్ల నుంచి వెలువడిన పిల్లలు బతకడానికి కొంత ఉప్పదనం గల నీరు అవసరం. పండుగప్ప చేప మంచినీటిలోకి ఎగబాకి పెరిగినా, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికే చేరుకుంటుంది. సరస్సును, సముద్రాన్ని కలిపే ఉప్పుటేరు, దాని ముఖద్వారపు బురద నేలలు ఆరోగ్యంగా ఉంటేనే ఈ రాకపోకలు సాగుతాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడి, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరిన కొల్లేరు పరిరక్షణకు ముఖద్వారాల పరిరక్షణ కూడా తోడు కావలసి ఉన్నది.

చట్టపరమైన రక్షణ

అభయారణ్యాలలోని మడ చెట్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, రిజర్వు అడవులలోని చెట్లకు 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం రక్షణ కల్పిస్తున్నాయి. అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్ళించడాన్ని 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం నియంత్రిస్తుంది. తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు తొలిసారి 1991లో వెలువడి, 2011లోను, 2019లోను సవరించబడ్డాయి. వీటి ప్రకారం మడ అడవులు అత్యంత సున్నితమైన మొదటి శ్రేణిలోకి వస్తాయి. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల వరకు రక్షణ వలయంగా పరిగణిస్తారు. అనుమతి లేకుండా ఈ చెట్లను నరకడం, కలపను తరలించడం శిక్షార్హమైన నేరం. దేశవ్యాప్తంగా సుమారు 540 చదరపు కిలోమీటర్లలో మడ అడవుల పెంపకం, పునరుద్ధరణ లక్ష్యంగా కేంద్ర ప్రభుత్వం 2023 జూన్ 5న మిష్టి పథకాన్ని ప్రారంభించింది.

ప్రత్యామ్నాయ కలప

నిషేధం ఒక్కటే అడవిని కాపాడలేదు. వంటచెరకు అవసరం తీరనిదే గొడ్డలి ఆగదు. ఈ దిశగా 1999లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్వల పథకం పేద కుటుంబాల మహిళలకు వంటగ్యాసును చేరువ చేశాయి. కట్టెలు తప్పనిసరి అయిన చోట సరుగుడు మేలైన ప్రత్యామ్నాయం. దీని కలప సాంద్రతలో పొన్నకు సాటిరాగలదు. ఉత్తమమైన వంటచెరకుగా దీనికి ప్రపంచవ్యాప్తంగా పేరున్నది. తిన్నగా ఎదుగుతుంది కనుక చేపల చెరువుల వద్ద కావలి పాకలకు, పందిళ్ళకు, నిర్మాణాల పోట్లకు గుంజలుగా వాడవచ్చు. తీరంలోని ఇసుక నేలలలో ఇది బాగా పెరుగుతుంది. కాగితపు గుజ్జుకు సరుగుడు, సుబాబుల్, జామాయిలు తోటలు ఉండగా తిల్ల కలప కోసం అడవిని ఆశ్రయించవలసిన అవసరం లేదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాలలోని పాఠశాలల, కళాశాలల విద్యార్థులు కొల్లేరుతో పాటు కోరింగ అడవిని కూడా సందర్శించి, మంచినీటి సరస్సుకు, ముఖద్వారపు మడ అడవికి గల భేదాన్ని, సంబంధాన్ని ప్రత్యక్షంగా గమనించవచ్చు. ఊపిరి వేళ్ళను తొక్కరాదు. తిల్ల కొమ్మలను తుంచరాదు. పాలు చర్మంపై పడితే వెంటనే మంచినీటితో బాగా కడుక్కోవాలి, కంటిలో పడితే ధారాళంగా నీటితో కడిగి ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి. తీరగ్రామాలలో మడ చెట్లను నరుకుతున్నట్లు గానీ, పోటునీరు పారే కాలువలను పూడ్చుతున్నట్లు గానీ గమనించినవారు సమీప అటవీ శాఖ కార్యాలయానికి తెలియజేయవలసి ఉన్నది. మొలకలు దగ్గరలో ఉండి, పోటునీరు తిరుగాడే దారి ఉన్నచోట మడ అడవి తనంతట తానే విస్తరిస్తుంది. ఆ దారిని మూయకుండా ఉంచడమే ఈ అడవికి చేయగల మొదటి మేలు.